ఏడో కొక్కెం

మార్చి రెండో శనివారం
క్లబ్బు వాళ్ళు నా కుట్టుదుకాణంలో గోతం దించి వెళతారు.
గోతం నిండా జంపర్లు:
సీసాపచ్చ రంగు, భుజం నుంచి నడుముకు ఏటవాలుగా పసుపు పట్టీ.
చేతులుండవు. మాలీ చలికి జాలి ఉండదు.
చిరిగినవి కుట్టాలి, ఊడిన అంకెలు అతకాలి.
ఒక్కోదానికి నాలుగు డాలర్లు,
ఆపైన సీజనంతా ఊరికే మాంసం పై.
నేను మాంసం తినను.
పదకొండేళ్ళుగా ఆ సంగతి చెప్పలేదు.

ఈ ఊళ్ళో మనుషులకి వీపే చిరునామా.
పోస్టాఫీసు గ్రాహమ్ పదిహేడు.
గోధుమ సైలో దగ్గర తూకం వేసే ముసలాయన
మైదానం దిగి నలభై ఏళ్ళైనా ఇరవై రెండే.
బ్యాంకు రహస్య సంఖ్య పెట్టుకోమంటే
సగం ఊరు తమ వీపు నంబరే పెట్టుకుంది.

ఏడు సంగతి వేరు.
బట్టలు మార్చుకునే గదిలో ఏడో కొక్కెం కింద
చెక్క మీద పెయింటుతో పేర్లు.
కాన్ డ్రిస్కల్. గుర్రం మీద వచ్చి ఆడి
పాలు పితికే వేళకి గుర్రం మీదే వెళ్ళేవాడు.
ఆల్బీ షుల్ట్స్. పక్కన నలభై ఒకటి, ఒక గీత,
గీతకి అవతల ఏమీ లేదు.
వి. పాస్కో. ఒక్క ఆట. మోకాలు.
ఆ పేరుకీ అదే పెయింటు, అంతే మందం.
ఆఖరున లెస్ ట్రెజియర్, పద్దెనిమిది సీజన్లు.
హద్దు గీత మీంచి, గాలికి ఎదురు తన్నినా
బంతి పొడుగు స్తంభాల మధ్య నుంచే పోయేదట.
మైదానం చుట్టూ కార్లన్నీ హారన్లు మోగిస్తే
సైలో మీది కాకటూలు తిట్టుకుంటూ లేచేవట.

లెస్ పోయిన చలికాలం కమిటీ కూర్చుంది.
ఏడుని అద్దాల పెట్టెలో పెడదాం, ఇక ఎవరూ తొడగొద్దు.
అందరూ చేతులెత్తారు.
బెరిల్ ట్రెజియర్ టీ కప్పు కింద పెట్టింది:
"పద్దెనిమిదేళ్ళు ఉతికాను దాన్ని.
అద్దంలో పెడితే మురికెలా అవుతుంది?"

అది నా బల్ల మీదికి వచ్చింది.
జంపర్లు మారినా అంకె గుడ్డ మారలేదు.
ఏడు అడుగున ఇంకో ఏడు, దారం రంగు వేరు.
దాని అడుగున మరొకటి, చిమ్మట కొరికింది.
కుట్లు విప్పుతూ బెరిల్‌తో అన్నాను:
మా భాషలో ఏడు అంటే అంకె.
ఏడు అంటే సంవత్సరం.
ఏడు అంటే, ఇక ఆపుకోకు, ఏడు.
ఆమె నవ్వింది.
"ఒక్క మాటకి మూడు పనులా! మా లెస్ లాగే.
ఆడేవాడు, గడ్డి కోసేవాడు, బారుకి తాళం వేసేవాడు."
తరవాత చాలాసేపు
నా గుండీల డబ్బాలో దేనికోసమో వెతికింది.

ఈ ఏడు, ఏడుని ఒక కుర్రాడికిచ్చారు.
కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే కరెన్ వాళ్ళబ్బాయి,
బర్మా సరిహద్దు శిబిరంలో పుట్టినవాడు.
పేరు ఎ డో. పెద్ద ప్రేమ అని అర్థమట.
నా చెవికి ఏడో అని వినబడి రెండుసార్లు అడిగాను.
పదహారేళ్ళు. భుజాలు హ్యాంగరంత.
చంకల దగ్గర రెండంగుళాలు లోపలికి పట్టాను.
కత్తిరించలేదు, మిగులు బట్ట లోపలే మడిచాను.
వాడు పెరుగుతాడని కాదు,
వాడి తరవాతి వాడి కొలత నాకు తెలియదు.

మొదటి ఆట. వాన.
మూడుసార్లు బంతి చేతికొచ్చింది, మూడుసార్లూ జారింది.
నాలుగోసారి తన్నితే స్తంభానికి తగిలి టప్పుమంది.
తెల్లకోటు అంపైరు ఒక వేలు చూపి ఒకే జెండా ఊపాడు.
ఒక్క పాయింటు.
హారన్లు లేవు.
కాసేపటికి గేటు పక్కన పాత యూట్ నుంచి
ఒక్కటి, పొట్టిగా.
అద్దం మీద తుడుపుపుల్లలు కదులుతున్నాయి, లోపలి మొహం కనబడలేదు.

సోమవారం జంపరు నా దగ్గరికొచ్చింది.
గడ్డి మరక, బురద,
ఏడు కాలు ఊడి వేలాడుతోంది.
పచ్చ దారం అయిపోయింది.
ఎర్రది ఎక్కించాను సూదికి.